తాత కత్తికి పదును

నారాయణగూడలో ఈమధ్య తెరిచిన ఒక పెద్ద సెలూన్‌కు మా ఆయన క్షవరానికి వెళ్తూ, మార్కెట్లో పనుందని నన్నూ వెంట తీసుకెళ్లారు. ఏసీ గది, మెత్తని సోఫా, అడక్కుండానే చేతికి కాఫీ కప్పు. ఎదురుగా గోడకు గాజు పెట్టె ఒకటి బిగించారు. లోపల పాతకాలం మంగలికత్తి, దాని పక్కన పొడవాటి తోలు పట్టా. వాటి మీద చిన్న లైటు కూడా వేశారు. “ఇవి వాడతారా?” అని అడిగాను. “లే మేడమ్, షో కోసం పెట్టినం,” అన్నాడు అక్కడ పని చేసే అబ్బాయి. ఆ పట్టాను ఒకసారి ముట్టుకోవాలనిపించింది కానీ అద్దం అడ్డం. కొత్త బెల్టులా నిగనిగలాడుతోంది. దాని మీద ఎవరూ ఎప్పుడూ ఏ కత్తీ లాగలేదని చూస్తేనే తెలుస్తోంది. మా ఆయన కుర్చీలోంచి లేచేదాకా నేను దానివైపే చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చాక పప్పులో ఉప్పు రెండోసారి వేసి మాట కూడా పడ్డాను.

నా పెళ్లికి ముందు మేం చిక్కడపల్లిలో, కూరగాయల మార్కెట్ వెనక సందులో రెండు గదులు కిరాయికి తీసుకొని ఉండేవాళ్లం. తాత, నాన్న, అమ్మ, తమ్ముడు, నేను. తాత పాలమూరు వైపు పల్లె నుంచి చంకలో పొది పెట్టుకొని పట్నం వచ్చినవాడు. పొది అంటే మంగలి తన సామానంతా పెట్టుకునే సంచి. అందులో కత్తి, కత్తెర, పటిక ముక్క, చిన్న అద్దం, సబ్బు గిన్నె ఉంటాయి. నాన్న కాలానికి పొది పోయి షాపు వచ్చింది. అశోక్ నగర్‌లో కోచింగ్ సెంటర్ల నడుమ రెండు కుర్చీల షాపు. వచ్చేవాళ్లంతా ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలే. కొలువు వచ్చేదాకా గడ్డం తీయమని మొక్కుకున్నవాళ్లు వాళ్లలో బాగానే ఉండేవాళ్లు. నోటిఫికేషన్లు రావు, గడ్డాలు మాత్రం గుండెల దాకా వస్తాయి. “వీళ్ల మొక్కులు తీరేలోపు నా షాపు మూతబడేటట్టున్నది,” అని నాన్న నవ్వేవాడు. నేను నారాయణగూడలో డిగ్రీ చదివేదాన్ని. కాలేజీలో నాన్న ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే అశోక్ నగర్‌లో షాపు అని ఊరుకునేదాన్ని. ఏం షాపని రెట్టించి అడిగినవాళ్లకు చెప్పేదాన్ని, వాళ్ల ముఖాలు మారడం చూసేదాన్ని.

షాపులో అప్పటికే తాత కత్తులకు చోటు లేదు. ఒకరి రక్తం ఒకరికి అంటితే రోగాలొస్తాయన్న భయం పట్నమంతా పాకి, జనం కుర్చీలో కూర్చోగానే “కొత్త బ్లేడేనా అన్నా?” అని అడగడం మొదలుపెట్టారు. కాగితం పొట్లం వాళ్ల కళ్లముందే చింపాలి, బ్లేడును సగానికి విరిచి పిడిలో బిగించాలి, పని కాగానే పారేయాలి. నూరే పని లేదు. తాతకు అది నచ్చలేదు. “గీసి పారేసేదానికి పదునేంది, పద్ధతేంది,” అని ఒకరోజు పొదిని ఇంటికి తెచ్చుకొని మళ్లీ షాపు మెట్టెక్కలేదు. ఆయన గురించి పక్కింటివాళ్లు చాటుగా ఒక సామెత అనుకునేవాళ్లు. పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడట అని. లోకంలో పనిలేనివాళ్లు అన్ని కులాల్లోనూ ఉన్నారు, సామెత మాత్రం మాకే అంటగట్టారు. తాత చెవిన పడినా కోపగించుకునేవాడు కాదు. “పిల్లిని పట్టుకురమ్మను, గీసి చూపిస్త,” అనేవాడు.

ఆయన రోజు మొదలయ్యేది కిటికీ దగ్గర. కిటికీ చువ్వకు తోలు పట్టా కొక్కెం తగిలించి, రెండో కొసను ఎడమ చేత్తో బిగలాగి పట్టుకొని, కుడి చేత్తో కత్తి ఆడించేవాడు. పట్టాకు రెండు ముఖాలు. ఒకదానికి పచ్చ మందు పూసి ఉండేది, రెండోది ఉత్త తోలు. పచ్చ మందు అని మేమే పెట్టుకున్న పేరు. లోహపు సామాన్లకు మెరుగు పెట్టే దుకాణం నుంచి ఆకుపచ్చ పొడి తెచ్చి, ఆముదంలో కలిపి, గిన్నెలో వెచ్చబెట్టి, చల్లారాక వేలికొసతో తోలుకు అద్దేవాడు. మా గదిలో ఎప్పుడూ ఆముదం, తోలు, పటిక కలిసిన వాసన ఉండేది. నా పుస్తకాలకు కూడా పట్టేది. కత్తి వెన్ను ముందు నడవాలి, వాదర, అంటే కోసే అంచు, వెనక రావాలి, కొస దాకా వెళ్లాక వెన్ను మీదే తిప్పాలి. ముందు మందు మీద, ఆ తర్వాత ఉత్త తోలు మీద. “కత్తి బరువు చాలు, చెయ్యి బరువు పెట్టొద్దు,” అని పాఠం చెప్పినట్టు చెప్పేవాడు, వినేవాళ్లం ఎవరమూ లేకపోయినా. మాసిన కత్తికి ఆ మందు మళ్లీ మెరుగు తెస్తుంది, అంతే. మొద్దుబారిన కత్తికి పదును కావాలంటే సానరాయి మీద నూరాల్సిందే. తాత కళ్లు మసకబారాక రాయి పని మానేశాడు. ఆ రాయి షాపులో, నాన్న సొరుగులో ఉండేది. “నా చేతికి రాయెందుకురా, మందు చాలు,” అనేవాడు తాత.

రోజూ పట్టా మీద అంత లాగిన కత్తి వాడేది వారానికి ఒక్కసారి. పట్నంలో మంగళవారం మంగలి షాపులకు సెలవు. లోకమంతా ఆ రోజు గడ్డం ముట్టుకోదు, మాకు అదే తీరికరోజు. దోషం కాదా అని అమ్మ కొత్తలో అడిగితే, “కత్తి మనదైనంక దోషం మనకెక్కడిదే,” అన్నాడట తాత. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మగవాళ్లు ఎవరి గడ్డం వాళ్లు గీసుకోకూడదు. కొడుకు గడ్డం తండ్రి గీయాలి, తండ్రి గడ్డం కొడుకు గీయాలి. బయటి మంగలి చెయ్యి పడకూడదు. అందుకని నాన్న వారమంతా నెరిసిన గరుకు గడ్డంతోనే షాపులో నిలబడేవాడు. మంగళవారం పొద్దున కిటికీ కింద చిన్న పీట మీద కూర్చునేవాడు. తాత ముక్కాలి స్టూలు మీద కూర్చొని కొడుకు ముఖాన్ని గడ్డం కింద వేళ్లతో ఎత్తి, వెలుతురుకు తిప్పి, సబ్బు పూసి, మెల్లగా గీసేవాడు. తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకునేవాళ్లు. వాళ్లు అంత దగ్గరగా కూర్చోవడం వారంలో ఆ ఒక్క పూటే. మిగతా రోజుల్లో తాత ముందు నాన్న కూర్చునేవాడే కాదు, తలుపు పట్టుకొని నిలబడి రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయేవాడు.

తాతకు చాలా ఏళ్లుగా షుగర్. కాళ్లకు తిమ్మిరని దవాఖానలో చెప్పారు. చేతుల సంగతి ఆయన ఎవరినీ అడగలేదు, ఎవరినీ అడగనివ్వలేదు. కానీ ఇంట్లో మాకు కనిపిస్తూనే ఉండేది. పొయ్యి మీంచి దించిన చాయ్ గ్లాసును అమ్మ కొంగుతో పట్టుకొచ్చి ఇస్తే, తాత ఉత్తచేత్తో పట్టుకొని తీరిగ్గా ఊదుకునేవాడు. ఒకసారి చొక్కా గుండీలు పెట్టుకోలేక, గుండీలే సరిగ్గా లేవని దర్జీని తిట్టాడు. అదే చేత్తో కత్తి పట్టేవాడు. పట్టా మీద కత్తి చప్పుడు కూడా మారింది. ముందు సన్నగా జారినట్టుండేది, పోనుపోను గీరినట్టు వినిపించేది. ఆ చప్పుడు వింటూ ఒక పొద్దున నాన్న చాయ్ తాగకుండా గ్లాసు కింద పెట్టేశాడు. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

ఒక సోమవారం సాయంత్రం అమ్మ ఫ్లాస్కులో చాయ్ పోసి షాపుకు పంపింది. ఆ రోజు బంద్. అశోక్ నగర్ అంతా షటర్లు దించి ఉంది, పిల్లలంతా చౌరస్తాలో నినాదాలిస్తున్నారు. నాన్న షటర్ సగం పైకెత్తి లోపల కూర్చున్నాడు. కస్టమర్ కుర్చీలో తాను కూర్చొని, ఒళ్లో సానరాయి పెట్టుకొని, నీళ్లు చిలకరిస్తూ కత్తి నూరుతున్నాడు. ఏనుగు దంతం రంగు పిడి. అది తాత కత్తి.

“ఇది తాతది గదా నాయినా,” అన్నాను.

“ఆఁ. పొద్దుగాల పట్టా పనైనంక జేబుల ఏస్కొచ్చిన. రాత్రికి మల్ల పొదిల పెడ్త.”

“తాతకు తెల్సా?”

నాన్న కత్తి ఎత్తి వెలుతురులో చూశాడు. “నాయిన చెయ్యి బరువైంది బిడ్డా. పట్టా మీద గట్టిగ ఒత్తుతుండు. ఒత్తుతున్ననని ఆయనకు తెలుస్తలేదు. పదును పెడుతున్న అనుకుంటడు గని వారం రోజులు గట్ల లాగేసరికి వాదర గుండ్రమైతుంది. సోమారం సోమారం నేను రాయి మీద పెట్టి సక్కజేస్తున్న.”

“చెప్పొచ్చు గదా.”

“ఏమని చెప్పాలె?” అన్నాడు నాన్న. కోపంగా కాదు, నిజంగా నన్ను అడిగినట్టే అడిగాడు. “షాపు పాయె, కండ్లు పాయె, ఇగ చేతులు గుడ పోయినయని నేను చెప్పాలెనా? నువ్వు గుడ చెప్పకు. మీ అమ్మకు తెల్సు, ఇగ నీకు.”

మర్నాడు మంగళవారం. తాత కత్తిని మందు మీద నాలుగుసార్లు లాగి, తన తలలోంచి ఒక వెంట్రుక పీకి, వాదర మీద పెట్టాడు. అది ఊదితే తెగినట్టు తెగింది. “చూసినవా, మందు మహిమ,” అన్నాడు నావైపు తిరిగి. “నీ చెయ్యే చెయ్యి నాయినా,” అన్నాడు నాన్న పీట మీద కూర్చుంటూ. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయాను. అమ్మ కూడా అక్కడ నవ్వుతోంది. ఆ గుట్టు మా ముగ్గురికీ తీయగానే ఉండేది. తాతకు మిగిలిన గొప్ప అదొక్కటే, దాన్ని మేం కాపాడుతున్నాం అనుకునేవాళ్లం. అది ఎంతకాలం సాగుతుందని నేనెప్పుడూ ఆలోచించలేదు. తాతే ముందు పోతాడని, తెలియకుండానే పోతాడని మేం ముగ్గురం లోపల అనుకొని ఉంటాం. పైకి ఎవరూ అనలేదు.

నాన్న ముందు పోయాడు. మధ్యాహ్నం పూట షాపులో ఒక పిల్లవాడికి గడ్డం గీస్తూ, “జర ఆగు తమ్మీ,” అని పిడి పక్కన పెట్టి గోడకు ఆనుకున్నాడట. ఆ పిల్లవాడే ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయాడు. మేం వెళ్లేసరికి వాడు వరండాలో బల్ల మీద కూర్చొని ఉన్నాడు. ఒక చెంప నున్నగా, రెండో చెంప మీద సబ్బు నురగ ఎండిపోయి తెల్లగా. ముఖం కడుక్కోవాలని కూడా తోచలేదు వాడికి. నాన్న పేరు కూడా తెలియదు, అన్నా అన్నా అంటూ మా అమ్మను పట్టుకొని ఏడ్చాడు. తాత ఏడవలేదు. కొడుకు ముఖాన్ని గడ్డం కింద వేళ్లతో ఎత్తి, ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, వదిలేశాడు.

మైల రోజుల్లో కత్తి పట్టొద్దని కులపెద్దలు చెప్పారు. తాత వినలేదు. “నేను ఎవ్వని గడ్డం గీస్తలేను గదా. దినాల నాడు పోరని తల గీయాలె. నా కొడుకు కర్మకు బ్లేడు పెట్టనియ్య,” అన్నాడు. పోరడంటే మా తమ్ముడు, అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. తండ్రి పోతే కొడుకు తల గీయించుకోవాలి, గీసేది మేనమామ. కత్తి మాత్రం తనదే ఉండాలని తాత పట్టుబట్టాడు. ఇక పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అదే పని. గిన్నెలో మందు అయిపోతే మళ్లీ కలిపాడు. ఎప్పుడూ బొట్టు పెట్టినంత పల్చగా అద్దేవాడు, ఇప్పుడు పచ్చగా పేరుకునేలా పూశాడు. పరామర్శకు వచ్చినవాళ్లు కూర్చొని ఉండగానే కిటికీ దగ్గర ఆ చప్పుడు వచ్చేది. పళ్లు బిగబట్టి లాగేవాడు. కొడుకు పోయిన దుఃఖమంతా ఆ తోలు మీద పెట్టి ఒత్తుతున్నాడని నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. ఆ చప్పుడు మొదలైతే అమ్మ చెవుల మీదికి కొంగు లాక్కునేది.

“అది మొద్దైపోతది అమ్మా. మామకు చెప్పి నూరిపిద్దామా?” అన్నాను ఒకరోజు చాటుగా.

“మీ మామ నోట్ల నువ్వుగింజ నానదు. అంబర్‌పేట్ దాంక చెప్పొస్తడు,” అంది అమ్మ. “మొన్ననే గదనే మీ నాయిన నూరింది. ఈ పది దినాలు నిలుస్తదేమో.”

నిలుస్తుందనే మేం కూడా నమ్మాలనుకున్నాం.

దినాలు అంబర్‌పేట్‌లో, శ్మశానం పక్కన నీళ్ల కుళాయి ఉన్న చోట చేశారు. ఆడవాళ్లం గోడ నీడన నిలబడ్డాం. తమ్ముణ్ణి బండ మీద కూర్చోబెట్టి తల తడిపారు. తాత కొత్త తువ్వాలలో చుట్టిన కత్తిని రెండు చేతులతో మామకు అందించాడు. మా సత్తయ్య మామకు అంబర్‌పేట్‌లోనే షాపు ఉంది. మంచివాడు, పనిమంతుడు, మాట మాత్రం ఆగదు. కత్తి నడినెత్తిన పెట్టి లాగాడు. తమ్ముడి భుజాలు పైకి లేచాయి. వెంట్రుకలు తెగలేదు, పీక్కొచ్చాయి.

“పోరని తల సక్కగ తడువు,” అన్నాడు తాత.

మళ్లీ నీళ్లు పోశారు. మామ మళ్లీ లాగాడు. తమ్ముడి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి కానీ నోరు విప్పలేదు. మామ ఆగి, వాదర మీద బొటనవేలు అడ్డంగా ఆడించాడు.

“మామా, దీనికి పదునే లేదు. మొద్దువోయింది,” అన్నాడు తాతతో.

“పదును లేకపోవుడేంది? గిన్ని దినాల నుంచి మందు మీద తీస్తున్న. మొన్న మంగళారం, నా కొడుకు పోయే ముంగట, గిదే కత్తితోని వాని గడ్డం గీసిన. వెన్న లెక్క పోయింది.”

“మొన్న పోయిందంటే మొన్న ఎవలో రాయి మీద నూరిండ్రు మామా. గిది మందుతోని అయ్యే పని గాదు. నీ పట్టాతోనే దీని వాదర సచ్చింది. బావ నూరిండేమో, నీకు చెప్పలేదా?”

మామకు ఏమీ తెలియదు. పని తెలిసినవాడు కనుక కత్తిని చూసి ఉన్నమాట అనేశాడు. తాత ముందు అమ్మవైపు చూశాడు. అమ్మ తల దించుకుంది. తర్వాత నావైపు చూశాడు. నేను తల దించుకోవడం కూడా మరిచిపోయాను. నా ముఖంలో ఏం కనిపించిందో, ఆయన కత్తి మడిచి తువ్వాలలో చుట్టుకొని, కుళాయి గట్టు మీద కూర్చున్నాడు. మామ తన సంచిలోంచి పొట్లం తీసి, బ్లేడు సగానికి విరిచి, పిడిలో బిగించి చకచకా గీసేశాడు. తమ్ముడి గుండు మీద అక్కడక్కడ ఎర్రగా కందిన చోట్ల పటిక రుద్దారు. వాడు అప్పుడు అరిచాడు.

ఇప్పుడు మా ఇంట్లో మా ఆయన స్నానాల గది తలుపేసుకొని గడ్డం గీసుకుంటారు. తమ్ముడు మిషన్‌తో రెండు నిమిషాల్లో గడ్డం కత్తిరించుకొని ఆఫీసుకు పరిగెడతాడు. షాపు ఉన్న చోట జిరాక్స్ సెంటర్ పెట్టారు. ఎవరి ముఖం వాళ్లదే, ఒకరి చేయి ఒకరికి పడదు, తెగదు, నొప్పి పెట్టదు. ఇదే సుఖం, కాదనను. పాతవన్నీ గొప్పవని అనే ఓపిక నాకు లేదు. ఆ కులం పేరుతో మేం పడ్డ మాటలు నాకు గుర్తున్నాయి. అయినా మంగళవారాలు వస్తే ఇప్పటికీ నాకు ఇల్లు బోసిగా అనిపిస్తుంది.

నాన్న దినాల తర్వాత వచ్చిన మొదటి మంగళవారం తాత కిటికీ దగ్గరికి వెళ్లలేదు. గోడకు ఆనుకొని చాప మీద కూర్చొని, “బిడ్డా, సూది ఉంటే ఇట్ల తే,” అన్నాడు. చొక్కాకు గుండీ కుట్టుకుంటాడేమోనని దారం కూడా ఎక్కించి ఇచ్చాను. దారం లాగి పక్కన పడేశాడు. కుడిచేతి బొటనవేలు ముందు పెట్టుకొని, కళ్లు గట్టిగా మూసుకొని, సూదితో పొడుచుకున్నాడు. “కుచ్చుకున్నదా?” అని నన్ను అడిగాడు. కళ్లు ఇంకా మూసే ఉన్నాయి. అప్పటికే వేలి మీద రక్తపు బొట్టు వచ్చింది. “తాతా, వద్దు,” అని సూది లాక్కున్నాను. కళ్లు తెరిచి రక్తం చూశాడు.

“రాయి మీద నూరిండు, సరే. నా పరువు కోసం నూరిండు,” అన్నాడు. “గని నా చేతికి సోయి లేదని వానికి తెల్సు గదనే. తెలిసి, వారం వారం గీ చేతి కింద గొంతు పెట్టి ఎట్ల కూసున్నడు?”

ఏదైనా ఓదార్పు మాట చెబుదామనుకున్నాను. కానీ నోట్లోంచి నేను చూసిందే వచ్చింది. మంగళవారాలు గుమ్మంలో కూర్చొని చదువుకుంటూ వాళ్లను చూసేదాన్ని. తాత కత్తి గొంతు దగ్గరికి వచ్చేసరికి నాన్న చేతుల్లో బిగించి పట్టుకున్న తువ్వాల మెల్లగా వదులై కిందికి జారేది. నేనే లేచి తీసి మళ్లీ ఒళ్లో వేసేదాన్ని. తాత చూపంతా కత్తి మీదే ఉండేది కనుక ఆయన గమనించేవాడు కాదు.

“నిద్రపోయేటోడు తాతా,” అన్నాను.

“నిద్రనా?”

“ఆఁ. నిద్రనే.”

“పిచ్చోడు,” అన్నాడు తాత. నాన్న పోయిన రోజు నుంచి ఆపుకున్న ఏడుపు ఆయనకు అప్పుడు వచ్చింది.